రన్‌వే మీద కొత్త తారు, కింద పాత నెర్రెలు

బీట పడిన గోడకు సున్నం వేసి ఊరుకుంటే ఏమవుతుందో ఇల్లు కట్టుకున్నవాళ్లందరికీ తెలుసు. ఏడాది తిరిగేసరికి అదే చోట, అదే వంకరతో బీట మళ్లీ బయటపడుతుంది. రన్‌వేల మీదా ఇదే జరుగుతుంది. పాత కాంక్రీటు మీద 100 మి.మీ. మందాన కొత్త తారు వేస్తారు, అద్దంలా ఉంటుంది. కొన్ని చలికాలాలు గడిచేసరికి దాని మీద సన్నని అడ్డగీత కనబడుతుంది. పాత డ్రాయింగు తీసి కొలిస్తే సరిగ్గా ఆ గీత కిందే పాత జాయింటు, అంటే రెండు కాంక్రీటు స్లాబులు కలిసే అతుకు, ఉంటుంది. ఇంజినీర్లు దీన్ని రిఫ్లెక్టివ్ క్రాకింగ్ అంటారు. కింది పగులు పైపొరలో అచ్చు గుద్దినట్టు తేలడమే ఇది.

ఊరి రోడ్డు మీద ఇలాంటి గీత పడితే బండి కాస్త కుదుపుతుంది, అంతే. రన్‌వే మీద లెక్క వేరు. గీత అంచులు రాలి కంకర ముక్కలు లేస్తాయి, వాటిని జెట్ ఇంజను లోపలికి పీల్చుకుంటుంది. ఒక్క గులకరాయి చాలు, ఫ్యాన్ రెక్క దెబ్బతినడానికి. అందుకే విమానాశ్రయాల్లో 3 మి.మీ. పగులును కూడా పట్టించుకుంటారు.

వరంగల్ వాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. మామునూరు విమానాశ్రయం నిజాం కాలంలో, 1930లో మొదలైంది. 1981 దాకా విమానాలు దిగాయి. ఆ తర్వాత దశాబ్దాలపాటు మూతపడి ఉంది. దాన్ని తిరిగి తెరవడానికి 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం అనుమతించింది. పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్‌లోనూ, ఆదిలాబాద్‌లోనూ పాత ఎయిర్‌స్ట్రిప్పులు ఉన్నాయి. ఏళ్లకేళ్లు ఎండావానల్లో పడి ఉన్న ఇలాంటి పాత పేవ్‌మెంట్ ఏది కనబడినా మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: దాన్ని తవ్వి పారేయాలా, దాని మీదే కొత్త పొర వేయాలా? మీదే వేయాలనుకుంటే పాత పగుళ్ల సంగతి ముందే తేల్చుకోవాలి. తారు పరిచాక తేల్చడానికి ఏమీ మిగలదు.

కదిలేది ఏమిటి?

పగులు తనంతట తాను పైకి పాకదు. దాని రెండు అంచులూ కదులుతుంటాయి, ఆ కదలికే పైపొరను చీలుస్తుంది. ఆ కదలికలు మూడు రకాలు. ఈ మూడింటికీ మందు ఒక్కటి కాదు. ఈ రంగంలో వృథా అయ్యే డబ్బులో పెద్ద వాటా ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే వృథా అవుతోంది.

మొదటిది వేడికి, చలికి స్లాబు సాగి కుంచించుకుపోవడం. కాంక్రీటు ఒక్క డిగ్రీ వేడి పెరిగితే తన పొడవులో పది లక్షల్లో సుమారు 10 వంతులు సాగుతుంది. జాయింట్ల మధ్య దూరం 6 మీటర్లు అనుకుందాం. మే నెలకూ జనవరి తెల్లవారుజాముకూ మధ్య స్లాబు సగటు ఉష్ణోగ్రతలో తేడా 30 డిగ్రీలు అనుకుందాం. అప్పుడు ఒక్కో జాయింటు దగ్గర కదలిక 1.8 మి.మీ. చూడటానికి ఇది ఏమంత పెద్దది కాదు. కానీ ఆ సాగుడు ఆరు మీటర్ల తారుకు సమానంగా పంచబడదు. జాయింటుకు సరిగ్గా పైన ఉన్న చిన్న ముక్కే దాన్నంతా మోయాలి. ఆ ముక్క నిడివి 50 మి.మీ. అనుకుంటే సాగుడు 3.6 శాతం. చలికి బిగుసుకుపోయిన తారు దాన్ని ఓర్చుకోలేదు. పైగా కొన్ని జాయింట్లు మట్టీ రాళ్లూ ఇరుక్కుని బిగిసిపోతాయి. వాటి వంతు కదలిక కూడా పక్క జాయింటు మీదే పడి అక్కడ రెట్టింపవుతుంది. రన్‌వే పొడవునా కొన్ని గీతలే ముందుగా, వెడల్పుగా తేలడానికి కారణం ఇదే.

రెండోది చక్రం బరువుకు అంచులు కిందికీ పైకీ ఆడటం. బోయింగ్ 737-800 టేకాఫ్ గరిష్ఠ బరువు సుమారు 79 టన్నులు. అందులో దాదాపు 95 శాతం నాలుగు ప్రధాన చక్రాల మీదే ఉంటుంది. అంటే ఒక్కో చక్రం మీద 18 టన్నుల పైమాటే. టైరులో గాలి ఒత్తిడి సుమారు 1.4 మెగాపాస్కల్స్, మామూలు లారీ టైరుకు దాదాపు రెట్టింపు. చక్రం జాయింటు దాటే క్షణంలో మొదట ఒక అంచు దిగుతుంది, తర్వాత జాయింటు మధ్య వంగుతుంది, ఆపై రెండో అంచు దిగుతుంది. కత్తెర రెండుసార్లు పడ్డట్టు, మధ్యలో ఒకసారి వంచినట్టు తారు మీద పని జరుగుతుంది. కత్తెర దెబ్బకు బట్ట, జాలీ వంటివేవీ పెద్దగా అడ్డు నిలవలేవు.

మూడోది స్లాబు వంకర తిరగడం. రాత్రి పైభాగం చల్లబడి, అడుగు వెచ్చగా ఉన్నప్పుడు స్లాబు మూలలు పైకి లేస్తాయి. మధ్యాహ్నం దానికి తిరగబడుతుంది. మొదటి రెండింటితో పోలిస్తే ఇది చిన్నదే. కానీ రోజూ జరుగుతుంది.

చలిదేశాల్లో మొదటి కదలిక రాజ్యమేలుతుంది. అందుకే వాళ్లు మెత్తటి తారు వాడతారు. మన దగ్గర రామగుండం, ఆదిలాబాద్ ఎండల్లో రన్‌వే ఉపరితలం 60 డిగ్రీలు దాటుతుంది. మెత్తటి తారు వేస్తే చక్రాల కింద గాడులు పడతాయి. ఆ ఎండ వల్ల ఒక మేలు కూడా ఉంది, వేసవిలో తారు కాస్త కరిగి సన్నని పగుళ్లు తమంతట తామే మూసుకుపోవచ్చు. అయితే అదే ఎండ ఏళ్ల తరబడి తారులోని మెత్తదనాన్ని కాల్చేసి, ఉపరితలాన్ని పెళుసుగా మారుస్తుంది. కాబట్టి ఇక్కడ ఎక్కువ భయపడాల్సింది చక్రం కత్తెరకూ, ఎండకు ముదిరిన తారుకూ. బయటి దేశాల నివేదిక చదివి అదే రెసిపీ ఇక్కడ వాడటం సరికాదు.

ముందు పగులు ఏ జాతిదో చూడాలి

పగులు మీదే 100 లేదా 150 మి.మీ. వ్యాసంతో కోర్, అంటే గుండ్రని నమూనా ముక్క, కోసి తీయాలి. పగులు పక్కన కాదు, సరిగ్గా దాని మీద. కోర్‌ను చూస్తే సగం కథ తెలిసిపోతుంది. పగులు పైనుంచి 30, 40 మి.మీ. దాకానే ఉండి కింద తారు గట్టిగా ఉంటే అది ఎండకు పుట్టినది. ఆ మేరకు మిల్లింగ్ చేసి, అంటే యంత్రంతో పైపొరను చెక్కి, తీసేస్తే దాని పని అయిపోయినట్టే. అడుగు దాకా ఉంటే కింద కాంక్రీటు జాయింటో, తారు కింద సిమెంటు కలిపి వేసిన బేస్ పొరలోని పగులో ఉంటుంది. మొసలి చర్మంలా అల్లుకున్న పగుళ్లు కనబడితే అది పైపొర సమస్యే కాదు. బేస్ గానీ నేల గానీ ఓడిపోయింది. అక్కడ తవ్వి కొత్తగా కట్టాల్సిందే. దాని మీద ఓవర్‌లే (కొత్త పైపొర) వేయడం డబ్బును నేలలో పాతడం.

నల్లరేగడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వేసవిలో ఎండిన చెరువులో నెర్రెలు ఎలా విచ్చుకుంటాయో రన్‌వే అంచుల కింద రేగడి కూడా అలాగే కుంచించుకుపోతుంది. అప్పుడు అంచుకు సమాంతరంగా పొడవాటి పగుళ్లు వస్తాయి. వానాకాలంలో నేల ఉబ్బి అవి కొంత మూసుకుంటాయి, మళ్లీ వేసవిలో తెరుచుకుంటాయి. ఈ పగులుకు మందు తారులో దొరకదు. తేమ మారకుండా చూడాలి: షోల్డరును (రన్‌వే పక్క పట్టీని) నీరు దిగకుండా కప్పడం, పక్క కాలువలో నీరు నిలవకుండా వాలు సరిచేయడం, అంచున చెట్లూ తుప్పలూ పెరగనివ్వకపోవడం. చల్క (ఎర్ర ఇసుక) నేలల్లో ఈ బాధ చాలా తక్కువ. ఒకే రన్‌వే కింద సగం చల్క, సగం రేగడి ఉండవచ్చు. అందుకే మట్టి పరీక్ష గుంతలు రెండు చివర్లలో మాత్రమే తవ్వితే చాలదు.

కాంక్రీటు అయితే జాయింట్ల ఆటను కొలవాలి. హెవీ ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటర్ అనే యంత్రం 300 మి.మీ. పళ్లెం మీద బరువు జారవిడిచి, ఇటు స్లాబు ఎంత దిగిందో, జాయింటుకు అవతలి స్లాబు ఎంత దిగిందో చెబుతుంది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే బరువు బదిలీ శాతం వస్తుంది. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ లెక్కలో 70 శాతం పైన ఉంటే ఫర్వాలేదు, 50 లోపు ఉంటే బాగోలేనట్టు.

ఈ శాతాన్ని గుడ్డిగా నమ్మకూడదు. ఒక జాయింటులో ఇటు 0.10 మి.మీ., అటు 0.05 మి.మీ. దిగితే 50 శాతం. ఇంకోచోట ఇటు 0.60, అటు 0.48 దిగితే 80 శాతం. కాగితం మీద రెండోది మేలు. కానీ పైనున్న తారును కత్తిరించేది శాతం కాదు, రెండు అంచుల మధ్య తేడా. మొదటిచోట అది 0.05, రెండోచోట 0.12. రెండో జాయింటే ముందు చీలుస్తుంది. దాని కింద ఖాళీ ఉండే అవకాశమూ ఎక్కువే. వేర్వేరు బరువులతో పరీక్షించి, బరువుకు ఎంత దిగిందో చూపే గ్రాఫు గీస్తే, ఆ గీత సున్నా బరువు దగ్గర 0.08 మి.మీ. పైన తగిలితే కింద గుల్ల ఉన్నట్టే.

కొలిచే వేళ కూడా ముఖ్యం. మే నెల మధ్యాహ్నం స్లాబులు సాగి ఒకదానినొకటి నొక్కుకుంటాయి. చెడిపోయిన జాయింటు కూడా బాగున్నట్టే కనబడుతుంది. చలికాలం తెల్లవారుజామున కొలిస్తేనే నిజం తెలుస్తుంది.

తారు వేయకముందు చేయాల్సిన పని

ఇది ఎవరి కంటా పడని పని. అందుకే కాంట్రాక్టులో దీనికే ముందు కోత పడుతుంది. అలా కోయకూడదు.

గుల్ల ఉన్న స్లాబు కింద గ్రౌటు (పలుచని సిమెంటు ముద్ద) ఎక్కించాలి. మూలలు విరిగిన స్లాబును పూర్తి లోతుకు కోసి పక్క స్లాబుతో కలిపే ఇనుప కడ్డీలు (డోవెల్ బార్లు) పెట్టి కొత్త కాంక్రీటు పోయాలి. పాత జాయింటులో పొంగి ఉన్న సీలెంటును (సందు మూసే జిగురు పదార్థాన్ని) తీసేయాలి. పగుళ్లలో గడ్డి మొలిచి ఉంటే పైన కోస్తే చాలదు, వేరు చావాలి. లేదంటే అది కొత్త తారును పొడుచుకుని వస్తుంది.

పగుళ్లు నింపడంలో వెడల్పును బట్టి పద్ధతి మారుతుంది. 3 మి.మీ. లోపు వాటిని ట్యాక్ కోట్‌కే (పొరలు అతకడానికి చల్లే పలుచని తారుకే) వదిలేయవచ్చు. 3 నుంచి 20 మి.మీ. ఉన్నవాటిని కంప్రెషర్ గాలితో ఊది, పూర్తిగా ఆరాక వేడి సీలెంటు పోయాలి. అంతకన్నా వెడల్పయితే సన్నని కంకర, ఇసుక కలిసిన తారు మిశ్రమం కూరాలి. సీలెంటును నిండా పోయకూడదు, ఉపరితలానికి 3 నుంచి 6 మి.మీ. దిగువనే ఆపాలి. నిండా పోస్తే పైన 150 డిగ్రీల మిశ్రమం పడగానే అది ఉబ్బుతుంది, రోలర్ ముందు తారు జారి ఆ గీత పొడవునా గట్టు లేస్తుంది. పగులును ఆపబోయి కుదుపు తెచ్చిపెట్టినట్టవుతుంది. అందుకే సీలింగ్‌ను ఓవర్‌లేకు కొన్ని నెలల ముందే ముగించడం మేలు.

మిల్లింగ్ విషయంలో ఒక్క జాగ్రత్త. లెక్కకు 50 మి.మీ. తీయమన్నారని తీస్తే, కింది పొర మీద 10 మి.మీ. పలుచని పెచ్చు మిగిలిపోవచ్చు. విమానం బ్రేకు వేసినప్పుడు ఆ పెచ్చే ఊడి పైపొరను తనతో లాక్కుపోతుంది. కోర్‌లో పొరల మందాలు చూసి, మిల్లింగ్ లోతును పొర అతుకు దాకా తీసుకెళ్లాలి.

బట్ట, జాలీ, మెత్తని పొర

వీటి చుట్టూనే అపోహలు ఎక్కువ. జియోటెక్స్‌టైల్ బట్ట పగులును ఆపుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. అది బాగా చేసే పని వేరు. తారు పీల్చుకుని, పగులు వచ్చినా నీరు కిందికి దిగకుండా అడ్డుపడుతుంది. అది చిన్న మేలు కాదు, కానీ పగులు రాదని మాత్రం హామీ లేదు. ఎఫ్‌ఏఏ పాత మార్గదర్శకాల్లోనే దీనికి హద్దు గీశారు: జాయింటు అడ్డంగా సుమారు 1.3 మి.మీ., నిలువుగా 0.5 మి.మీ. కన్నా ఎక్కువ కదిలేచోట బట్ట వాడవద్దని. మన 1.8 మి.మీ. లెక్క ఈ హద్దు బయటే ఉంది.

వాడదగ్గచోట వాడితే తారు మోతాదే ప్రాణం. చదరపు మీటరుకు సుమారు ఒక లీటరు వేడి తారు కావాలి, అందులో ఎక్కువ భాగం బట్టే తాగుతుంది. తక్కువైతే బట్ట పొడిగా ఉండి పొరలు విడిపోతాయి. ఎక్కువైతే మే నెల ఎండలో తారు పైకి ఊరి, పొర జారే జారుడుబల్ల తయారవుతుంది. ఎమల్షన్ (నీటిలో కలిపిన తారు) కన్నా వీజీ-30 రకం వంటి వేడి తారే మంచిది, ఎమల్షన్‌లోని నీరు బట్టలో చిక్కుకుపోతుంది. పాలీప్రొపిలీన్ బట్ట 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది కనుక మీద పడే మిశ్రమం వేడిని ఆ లోపే ఉంచాలి. ముడతలు పడితే కోసి, పేవర్ (తారు పరిచే యంత్రం) నడిచే దిశలో ఒకదాని మీద ఒకటి పడేలా అతకాలి. వాన చినుకు పడి బట్ట తడిస్తే ఆ రోజు పని ఆపేయాల్సిందే. టిప్పర్లు దాని మీద మలుపు తిరగకూడదు. రన్‌వే నుంచి వేగంగా బయటికి తిరిగే మలుపుల్లో, బ్రేకు పడేచోట్ల అసలు బట్ట వద్దనడమే మా అభిప్రాయం.

గ్లాస్ గ్రిడ్, అంటే గాజు పోగుల జాలీ, దారి వేరు. అది బిగువుగా ఉండి, సుమారు 3 శాతం సాగుడులోపే తన బలమంతా చూపుతుంది. అడ్డంగా సాగే కదలికను పక్కకు పంచుతుంది. పాత తారు మీద ఇది బాగా పనిచేస్తుంది. కానీ మిల్లింగ్ చేసిన గరుకు గాడుల మీద నేరుగా పరిస్తే రోలర్ కిందే గాజు పోగులు నలిగిపోతాయి. ముందు 20, 25 మి.మీ. లెవెలింగ్ పొర వేయాలి, పైన కనీసం 50 మి.మీ. తారు ఉండాలి. డబ్బు మిగులుతుందని జాయింటు మీద మాత్రమే మీటరు వెడల్పు పట్టీ వేస్తుంటారు. పట్టీ అంచు దగ్గరే కొత్త పగులు పుట్టే ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకున్నాకే ఆ పని చేయాలి.

మూడో దారి మెత్తని పొర. సన్నని కంకర, 7 శాతం పైచిలుకు పాలిమర్ తారు కలిపి 25 మి.మీ. మందాన వేస్తారు. కింది కదలికను ఇది తనలోనే మింగేస్తుంది. రామప్ప గుడి పునాదిలో కాకతీయులు ఇసుక పొర పెట్టారని మనవాళ్లందరికీ తెలిసిన సంగతే. కింద నేల కదిలినా ఆ కదలిక నేరుగా రాతికి తగలకుండా చూడటం అక్కడి ఆలోచన. ఇక్కడా అదే ఆలోచన, పదార్థం మాత్రం వేరు. ఈ పొర మెత్తన కనుక పైన తగినంత మందం లేకపోతే గాడులు పడతాయి. ఇదే కుటుంబంలో ఇంకోటి, పెద్ద కంకరతో 90 మి.మీ. మందాన, 25 నుంచి 35 శాతం ఖాళీలతో వేసే పొర. పగులుకు ఎక్కడానికి ఆధారమే దొరకదు. కానీ ఆ ఖాళీల్లో చేరిన నీటికి బయటికి దారి కట్టకపోతే అదే చెరువవుతుంది.

పగులును మనం చెప్పినచోటే రానివ్వడం

కాంక్రీటు జాయింట్లు తిన్నగా, లెక్కగా ఉంటే మేం ఎక్కువ మొగ్గేది దీనికే. కింది జాయింటుకు సరిగ్గా పైన కొత్త తారును రంపంతో కోసి, సీలెంటుతో నింపుతారు. కదలిక ఎటూ ఆగదు కనుక దానికి మనమే తలుపు పెట్టినట్టు. అంచులు నున్నగా ఉంటాయి కాబట్టి కంకర రాలదు. మొత్తం పని గుర్తుల మీద ఆధారపడుతుంది. తారు వేయకముందే ప్రతి జాయింటు రెండు కొసలకూ పేవ్‌మెంట్ బయట మేకులు కొట్టి, టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రంతో కొలతలు రాసుకోవాలి. కోత 25 మి.మీ. లోపు తేడాతో పడాలి. 50 మి.మీ. పక్కకు జరిగితే కోత ఒకచోట, పగులు ఇంకోచోట, రెండూ పక్కపక్కనే ఉండి మధ్య ముక్క ఊడివస్తుంది. వంకరటింకర పగుళ్లకు ఈ పద్ధతి పనికిరాదు.

అన్నిటికన్నా మొరటుదీ, కానీ మూలాన్నే తొలగించేదీ స్లాబును పగలగొట్టడం. అర మీటరు నుంచి మీటరు ముక్కలుగా పగలగొట్టి, 35 నుంచి 50 టన్నుల రబ్బరు టైర్ల రోలర్‌తో కుదించడం ఒక పద్ధతి. పూర్తిగా నలగ్గొట్టి, పై సగంలో 75 మి.మీ. లోపు ముక్కలు చేయడం ఇంకోటి. ఆరు మీటర్ల స్లాబు అర మీటరు ముక్కలైతే ఒక్కో పగులు దగ్గర కదలిక 1.8 మి.మీ. నుంచి 0.15కు పడిపోతుంది. దాన్ని తారు ఓర్చుకుంటుంది. బదులుగా స్లాబు బలం పోతుంది కనుక పైన మందం పెంచాలి. కింద తడి రేగడి ఉంటే ఈ దెబ్బలకు బురద పైకి ఉబికి ముక్కలు కూరుకుపోతాయి. కాబట్టి ముందు కాలువలు తవ్వి నేలను ఆరనివ్వాలి.

నడుస్తున్న విమానాశ్రయంలో ఇంత పని చేయడం కష్టం. అక్కడ దొరికేది రాత్రి ఆరేడు గంటలు. తెల్లారేసరికి విమానం దిగాలి. ప్రతి రాత్రి పని ఆగినచోట తాత్కాలిక వాలు కట్టాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమం ప్రకారం 5 సెం.మీ. దాకా పొరకు ఆ వాలు 0.5 నుంచి 1 శాతం, అంతకు మించిన మందానికి 0.5 శాతం దాటకూడదు. మూతపడి ఉన్న రన్‌వేకు ఈ తొందర లేదు. స్లాబును పగలగొట్టి, ఒక వానాకాలం చూసి, ఎక్కడ దిగిందో సరిచేసి, తర్వాత తారు వేసే వీలుంది. ఉత్తర తెలంగాణ పాత స్ట్రిప్పులకు ఉన్న ఈ సౌకర్యాన్ని ప్రారంభోత్సవ తేదీ కోసం వదులుకోకూడదు.

మందం సంగతి క్లుప్తంగా. పగులు ఏడాదికి సుమారు 25 మి.మీ. పైకి పాకుతుందన్నది పాత మోటు లెక్క. మందం పెంచితే గడువు పెరుగుతుంది, పగులు రద్దు కాదు. పెంచిన ప్రతి సెంటీమీటరుకూ లైట్లు, షోల్డర్లు, పక్క నేల వాలు అన్నీ లేపాలి.

నీరు, కంకర

కరీంనగర్ చుట్టుపక్కల ఎక్కువగా దొరికేది గ్రానైటే. గట్టి రాయి, కానీ సిలికా ఎక్కువ కనుక తారు దాన్ని గట్టిగా పట్టుకోదు. పగులులోంచి దిగిన నీరు, చక్రం నొక్కినప్పుడల్లా ఒత్తిడితో కంకరకూ తారుకూ మధ్య దూరుతుంది. కొన్నాళ్లకు పగులు అంచున తారు ఊడిపోయిన ఒట్టి కంకర చేతికి వస్తుంది. మిశ్రమంలో 2 శాతం దాకా హైడ్రేటెడ్ లైమ్, అంటే తడిపి ఆర్చిన పొడి సున్నం, కలిపితే పట్టు బాగా పెరుగుతుంది. పగులు వచ్చినా అంచు రాలకుండా నిలిచేది దీనివల్లే. పేవర్ వరసల అతుకులు కూడా పగుళ్లకు పుట్టిళ్లే. పై పొర అతుకును కింది అతుకుకు కనీసం 150 మి.మీ. పక్కకు జరపాలి, కింది కాంక్రీటు జాయింటు మీద అసలు పడనివ్వకూడదు.

పని ముగిశాక చూడాల్సిన రోజు కూడా ఒకటుంది. జనవరి మొదట్లో, మంచు విడవకముందు, పగుళ్లు పూర్తిగా తెరుచుకుని ఉంటాయి. ఓవర్‌లేకు ముందు గీసిన పాత పగుళ్ల మ్యాపు చేతిలో పెట్టుకుని రన్‌వే పొడవునా నడవాలి. ఏ గీత తేలింది, ఏ పద్ధతి వాడినచోట తేలలేదు, వెడల్పెంత అన్నది అదే మ్యాపు మీద వేరే రంగుతో గుర్తు పెట్టాలి. 3 మి.మీ. దాటినవాటిని ఫిబ్రవరిలోనే, అవి ఇంకా తెరిచి ఉన్నప్పుడే, శుభ్రం చేసి సీల్ చేయాలి. జూన్ తొలి వాన పడేనాటికి ఒక్కటి కూడా నోరు తెరుచుకుని ఉండకూడదు.